స్పానిష్ భాషలో పనివేళ నడుగుట



సిరిసిల్లలో రాత్రియంతయు సాంచాల కడ నిలిచి, తెల్లవారి యిల్లు చేరువానిని "ఏ షిఫ్టు, అన్నా?" యని తోడివాడడిగిన నది పలుకరింపు. యజమాని యడిగిన నది లెక్క. ప్రశ్న యొక్కటియే, అడుగువాని తీరునుబట్టి దాని రుచి మారుచున్నది. మన ప్రాంతపు యువకులు పలువురు అమెరికాకు బోయి, టెక్సాసు వంటి చోట్ల స్పానిష్ మాటలాడు శ్రామికులతో మెలగుచున్నారు గావున, ఆ భాషలో నీ ప్రశ్న నెట్లడుగవలెనో చెప్పెదను.

పనివేళలకు స్పానిషులో "ఒరారియో" యని పేరు. దీనికి మూలము గంట యను నర్థముగల "ఓరా" శబ్దము. వ్రాతలో మొదట హకారమున్నను పలుకరు. లాటినులో "హోరా"; అంతకు పూర్వము గ్రీకు. మన జ్యోతిషమందలి హోరాశబ్దమును గ్రీకునుండియే వచ్చినదని చరిత్రకారులందురు. "అహోరాత్ర" శబ్దమున తుదిమొదళ్లు లోపింపగా హోరా యయ్యెనని కొందరి మతమును వరాహమిహిరుడు బృహజ్జాతకమున దెల్పినాడు. చమత్కారముగ నున్నది గాని, నాకు మొదటి మతమే సమ్మతము.

స్నేహితునితో "కే ఒరారియో తియెనెస్?" అనవచ్చును. పెద్దవారితోను, పరిచయము లేనివారితోను "కే ఒరారియో తియెనె ఉస్తెద్?" అనవలయును. ఈ "ఉస్తెద్" అనునది "తమ దయ" యను నర్థముగల "వుయెస్త్ర మెర్సెద్" అరిగి యేర్పడినది. అందుచేతనే దానికి క్రియ ప్రథమపురుషమున వచ్చును. సంస్కృతమున "భవాన్" శబ్దమునకును ఇదియే నియమము గదా! సంస్కృతము చదివినవారికి స్పానిషులో నీ చోట తడబాటుండదు.

వేళ తెలియవలెనన్న "ఆ కే ఓరా ఎంత్రా?", "ఆ కే ఓరా సాలె?" యని యడుగుదురు. ఏ గంటకు ప్రవేశింతురు, ఏ గంటకు వెలువడుదురు అని యర్థము. "పని" యను మాటయే యక్కరలేదు. "దె ఓచో ఆ సింకో" యన్న, ఎనిమిది మొదలు ఐదు వరకు. షిఫ్టునకు "తూర్నో" యందురు. అది అచ్చముగ మన "వంతు". "తూర్నో దె నోచె" యన రాత్రివంతు.

స్పెయినులో మరియొక చిక్కు కలదు. అచ్చట కొన్ని కొలువులలో మధ్యాహ్నము దీర్ఘమైన విరామమిచ్చి, సాయంకాలము మరల పనిచేయింతురు. కావున "రెండుకు వెలువడుదును" అన్నవాడు ఆనాటికి విముక్తుడయ్యెనని తలపరాదు. దినమునకు ఎనిమిది గంటల పరిమితిని ఆ దేశము బార్సిలోనా కార్మికుల సమ్మె పిమ్మట 1919 ఏప్రిలులో శాసనము చేసినది. మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారమునకు 48 గంటలని నిర్ణయించెను.

పరదేశమున పొట్టకూటికై వచ్చినవాడు, వేళలడుగువానిని అధికారి యని యనుమానించి బెదరవచ్చును. కావున కారణమును ముందే చెప్పుట మేలు. రాత్రివంతు చేయువాడు పగలు నిద్రించును గదా. వాని యింటికి బోదలచినవారు "నో కియెరో మొలెస్తార్" — తొందరపెట్టదలచలేదు — అని పలికి, పిదప వేళ నడుగవలెను.