నునుపు కుదిరితేనే రంగుకు నిలకడ
ఇంటి వద్ద బైక్‌ ట్యాంకు మరమ్మతు.. పాటించాల్సిన జాగ్రత్తలు

అమలాపురం: కోనసీమ తీర గ్రామాల్లో ఉప్పుగాలికి ద్విచక్ర వాహనాల ట్యాంకులు, ఇనుప మడ్‌గార్డులు త్వరగా తుప్పు పడుతుంటాయి. ఖర్చు కలిసొస్తుందని కొందరు ఇంటి వద్దే స్ప్రే డబ్బాతో రంగు వేసుకుంటారు. తుప్పు తీయకుండా వేసిన రంగు కొద్ది నెలలకే పొక్కులు లేచి ఊడిపోతుంది.

ముందుగా ట్యాంకును బండి నుంచి విడదీసి, పెట్రోలు పూర్తిగా తీసివేయాలి. అయినా ఆవిరి లోపలే ఉంటుంది. నిప్పురవ్వ తగిలితే ఖాళీ ట్యాంకూ పేలుతుంది. అందువల్ల గ్రైండరు వాడరాదు. మూత బిగించి, ఆరుబయట చేతితోనే రుద్దాలి. చిల్లు పడితే పుట్టీతో పూడ్చరాదు, మెకానిక్కుకు చూపించాలి.

సబ్బునీటితో జిడ్డు వదిలించి ఆరబెట్టాక, 80 నంబరు ఎమరీ కాగితంతో మెరిసే లోహం కనిపించేవరకు తుప్పు తీయాలి. చుట్టూ ఉన్న పాత రంగు అంచును 180, ఆపై 320 నంబర్లతో వేలికి మెట్టు తగలనంతగా నునుపు చేయాలి.

సొట్టల్లో పుట్టీని పలుచని పొరలుగా నింపాలి. హార్డెనర్‌ కలిపే పుట్టీని తడిపి రుద్దరాదు. అది పీల్చుకున్న నీరే అడుగున మళ్లీ తుప్పుకు దారితీస్తుంది. పొడిగానే రుద్ది, ధూళి తుడిచి, ప్రైమరు వేయాలి. అది పూర్తిగా ఆరిన తరువాతే 400, 600 నంబర్ల వాటర్‌ పేపరును తడిపి వాడాలి.

పుట్టీ ధూళి, థిన్నర్‌ ఆవిరి ఊపిరితిత్తులకు హానికరం. మాస్కు తప్పనిసరి. పని జరిగేచోట బీడీ, సిగరెట్‌, పొయ్యి ఉండరాదు. పిల్లలను దూరంగా ఉంచాలి.