చెవి థర్మామీటరు చూపే అంకెను ఎంతవరకు నమ్మవచ్చు?

బాబు ఒళ్లు కాలిపోతోంది, మిషను మాత్రం 98.4 చూపిస్తోంది. ఏది నమ్మాలి? పిల్లల ఓ.పి.లో తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. అలాంటప్పుడు మీ చెయ్యి చెప్పినదాన్ని కొట్టిపారేయకండి. మిషనును తుడిచి మళ్లీ చూడండి.

మన శరీరం నుంచి వేడి పరారుణ కిరణాల రూపంలో ఎప్పుడూ వెలువడుతూనే ఉంటుంది. కర్ణభేరి నుంచి వచ్చే ఆ వేడిని పట్టుకుని మిషను ఒకటి రెండు సెకన్లలో లెక్క కట్టి చెబుతుంది. మిషను నుంచి చెవిలోకి ఏ కిరణమూ పోదు, ఆ భయం అక్కర్లేదు. అయితే దాని మొన కర్ణభేరి వైపే చూడాలి. చెవి గోడ వైపు చూస్తే అంకె తక్కువగా వస్తుంది. చెవి దారి కాస్త వంకరగా ఉంటుంది కనుక ఏడాది దాటిన పిల్లలకు, పెద్దలకు చెవి పైభాగాన్ని పట్టుకుని పైకి, వెనక్కి లాగాలి. ఏడాది లోపు వారికి తిన్నగా వెనక్కి లాగితే చాలు.

మొన మీది చిన్న అద్దానికి గులిమి అంటుకున్నా అంకె తగ్గుతుంది. స్పిరిట్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. తడిగా ఉన్నప్పుడు అద్దం చల్లబడి మళ్లీ తప్పే చెబుతుంది. తొడుగు వేసి వాడే రకమైతే ప్రతిసారీ కొత్త తొడుగు వేయాలి. దిండుకు ఆనించి పడుకున్న చెవి వేడెక్కి ఉంటుంది, రెండో చెవిలో చూడండి.

మన ప్రాంతంలో మరో చిక్కు ఉంది. చాలా మోడళ్లు గది వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటితే సరిగా పనిచేయవు. మే నెల మధ్యాహ్నం రేకుల ఇంట్లో అంతకన్నా వేడి ఉండటం మనకు కొత్త కాదు! మిషనును చల్లని చోట అరగంట ఉంచి, పిల్లవాడిని కూడా అక్కడికే తెచ్చి చూడండి.

ఇక కాలిబ్రేషన్, అంటే మిషను సరిగా చూపుతోందో లేదో సరిచూడటం. దీనికి లేబొరేటరీలో బ్లాక్ బాడీ అనే పరికరం ఉంటుంది. కచ్చితమైన వేడిలో ఉంచిన నీటి తొట్టెలో నల్లని గూడు అమర్చి, దానికి మిషనును చూపిస్తారు. అమెరికా ప్రమాణం ప్రకారం 36 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ మధ్య తేడా 0.2కు, అంటే ఫారన్‌హీట్‌లో దాదాపు 0.4కు మించకూడదు. ఇంట్లో ఐసు నీళ్లలో ముంచి చూస్తే మిషను పాడవుతుంది, అలా చేయకండి. ఆరోగ్యంగా ఉన్నవారి ఒకే చెవిలో మూడుసార్లు చూడండి. అంకెలు బాగా తేడాగా వస్తే ఆ మిషనును నమ్మకండి. ఎప్పుడూ ఒకేలా తప్పు చెప్పే మిషను మాత్రం ఇలా బయటపడదు. అందుకే ఓ.పి.కి వచ్చేటప్పుడు మీ మిషను కూడా తెస్తే మా దానితో పోల్చి చూస్తాం.

ఆరు నెలల లోపు శిశువులకు చెవి థర్మామీటరు వద్దని మా సలహా, వారి చెవి దారి మరీ సన్నం. చంకలో డిజిటల్ థర్మామీటరు పెట్టి చూడండి. రెండు నెలల లోపు బిడ్డకు చంకలో 99.5 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకు మించి ఉన్నా, 95.9 కన్నా తగ్గినా అర్ధరాత్రి అయినా వెంటనే తీసుకురండి. బిడ్డ పాలు తాగకపోయినా, మగతగా పడి ఉన్నా మిషను ఏ అంకె చూపినా సరే, తెల్లవారే దాకా ఆగవద్దు.