13 తర్వాత 1 ఎందుకొస్తుంది?

"నిరుడు నా బూట్ల సైజు 13. ఈ ఏడు షాపాయన 1 ఇచ్చాడు. నా కాలు చిన్నదైపోయిందా?" అని మూడో తరగతి పాప ఒకతె అడిగింది. పక్కనే ఉన్న వాళ్లమ్మకు ఇంకో సందేహం: "ఏటా ఇంత డబ్బు పోస్తున్నాం, అయినా ఒక్క జతా కాలికి సరిగ్గా కుదరదేమండీ?" రెండూ వేరువేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, పాప ప్రశ్నకు జవాబు తెలిస్తే అమ్మ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. అందుకని దాంతోనే మొదలుపెడదాం.

నీ కాలు చిన్నదవలేదమ్మా, పెరిగింది. మన షాపుల్లో ఎక్కువగా వాడే సైజు అంకెలు ఇంగ్లండు నుంచి వచ్చినవి. అక్కడ పూర్వం చిన్న చిన్న పొడవులను బార్లీ గింజలతో కొలిచేవారు. మూడు గింజలను కొస కొస ఆనించి పేరిస్తే ఒక అంగుళం. (గింజలతో కొలవడం మనకూ కొత్తేమీ కాదు. ఎనిమిది యవల వెడల్పు ఒక అంగుళమని కౌటిల్యుడి అర్థశాస్త్రం చెబుతుంది. ఆ అంగుళం వేలి వెడల్పంత, ఇంగ్లండు అంగుళం కంటే చిన్నది.) బూట్లలో ఒక సైజుకూ తర్వాతి సైజుకూ మధ్య తేడా ఇప్పటికీ ఆ ఒక్క గింజ పొడవే. అంటే అంగుళంలో మూడో వంతు, సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. పిల్లల సైజుల లెక్క నాలుగు అంగుళాల దగ్గర సున్నాతో మొదలై, గింజకొక అంకె చొప్పున పెరుగుతూ 13 దాకా వెళుతుంది. అక్కడికి ఎనిమిది అంగుళాలు దాటుతుంది. తర్వాత పెద్దల వరస 1తో మొదలవుతుంది. డిసెంబరు 31 తర్వాత మళ్లీ 1వ తేదీ వచ్చినట్టే ఇదీ. అంకె వెనక్కి వెళ్లినా రోజు ముందుకే పోతుంది కదా. నీ 13కూ 1కీ మధ్య నీ పాదం ఒక గింజంత ఎదిగింది.

ఇప్పుడు ఒక్క అడుగు ముందుకు వెళదాం. నాలుగు అంగుళాలు, ఎనిమిది అంగుళాలు అన్నామే, అవి ఎవరి పొడవు? నీ పాదం పొడవు కాదు. బూటును ఒక అచ్చు మీద కుడతారు. ఆ పనివాళ్లు దాన్ని లాస్ట్ అంటారు. పాదం ఆకారంలో ఉంటుంది, ఒకప్పుడు కొయ్యతో చేసేవారు, ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. సైజు అంకె చెప్పేది ఆ అచ్చు పొడవును. వేళ్ల ముందు కొంచెం ఖాళీ ఉండాలి కాబట్టి అచ్చు పాదం కంటే పొడవుగా ఉంటుంది. ఎంత పొడవుగా ఉండాలన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా నిర్ణయించుకుంటుంది. అందుకే ఒక కంపెనీ 1 సరిపోయిన కాలికి ఇంకో కంపెనీ 1 కరుస్తుంది. పెట్టె మీద ఇంగ్లండు అంకె పక్కనే ఐరోపా అంకె కూడా ఉంటుంది చూడండి. ఆ లెక్కలో సైజుకూ సైజుకూ తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులే. రెండు లెక్కల మెట్లు సమానం కావు కాబట్టి ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చినప్పుడు కొంత అటూ ఇటూ సర్దక తప్పదు. ఫోనులో చూసి అంకెతో తెప్పించుకున్న జత కాలికి పట్టకపోవడంలో వింతేమీ లేదు.

పొడవు సంగతి ఇలా ఉంటే, వెడల్పు కథ ఇంకా లోతైనది. రెండు పాదాలు ఒకే పొడవున్నా, వేళ్ల మొదళ్ల దగ్గర ఒకటి సన్నగా, ఇంకోటి వెడల్పుగా ఉండొచ్చు. ఇంగ్లండులో పిల్లల బూట్లకు ఎఫ్, జీ, హెచ్ అంటూ వెడల్పుకు కూడా గుర్తులుంటాయి. ఒకే పొడవులో సన్నకాలికి ఒకటి, వెడల్పు కాలికి ఇంకోటి దొరుకుతాయి. మన ఊళ్లలోని షాపులో ఒక సైజుకు ఒకే వెడల్పు ఉంటుంది. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలను కొలిచింది. మనవాళ్ల పాదాలు ఐరోపా, అమెరికా వాళ్ల పాదాల కంటే సాధారణంగా వెడల్పని అందులో తేలింది. మన కోసం 'భ' అనే కొత్త సైజుల పద్ధతి పెట్టాలన్న ప్రతిపాదన కూడా అక్కడి నుంచే వచ్చింది. వెడల్పు చాలకపోతే మనం ఏం చేస్తాం? ఇంకో సైజు పెద్దది అడుగుతాం. పెద్ద సైజులో వెడల్పు కాస్త పెరుగుతుంది, దాంతోపాటు అక్కర్లేని పొడవూ వస్తుంది. పక్కల సరిపోయింది, మడమ దగ్గర జారిపోయింది. ఈ బాధ పడని ఇల్లు మన దగ్గర అరుదు.

మరి షాపువాళ్లు రెండు మూడు వెడల్పులు పెట్టుకోవచ్చు కదా? ఖరీదు సంగతి ఇక్కడే అర్థమవుతుంది. ఎల్‌కేజీ పిల్లలకు దాదాపు 8 నుంచి మొదలై 13 దాకా ఆరు సైజులు, ఆ తర్వాత 1 నుంచి 5 దాకా ఇంకో ఐదు. మొత్తం పదకొండు. మగపిల్లలకు లేసులవి, ఆడపిల్లలకు పట్టీవి అనుకుంటే ఇరవై రెండు. శనివారానికి తెల్ల కాన్వాసు బూట్లు కూడా కలిపితే ఇంకా పెరుగుతుంది. వీటికి మూడేసి వెడల్పులు పెట్టాలంటే అరలన్నీ మూడింతలు కావాలి, షాపాయన పెట్టుబడీ మూడింతలు కావాలి. అందులో సగం జతలు జూన్ దాటితే అడిగేవాడుండడు. తయారుచేసేవాడికీ ఇదే చిక్కు. ప్రతి సైజుకూ కుడికాలికొకటి, ఎడమకాలికొకటి అచ్చు చేయించాలి, అడుగు పోసే మూస కూడా సైజుకొకటి కావాలి. పైగా చిన్న బూటుకు పని తగ్గదు. పెద్దవాళ్ల బూటుకు ఎన్ని ముక్కలు కత్తిరించి కుట్టాలో పిల్లల బూటుకూ దాదాపు అన్నే. తగ్గేది పదార్థం ఒక్కటే. "ఇంత చిన్న బూటుకు అంత డబ్బా?" అని తల్లిదండ్రులు అడగడం న్యాయమే. షాపువాడి జవాబూ అబద్ధం కాదు.

పన్ను కొంత తగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి రెండున్నర వేల రూపాయల లోపు జతకు జీఎస్‌టీ 5 శాతమే. అంతకు ముందు వెయ్యి లోపు వాటికి 12, వెయ్యి దాటితే 18 శాతం ఉండేది. అయినా ఇద్దరు పిల్లలున్న ఇంట్లో నల్ల జతలు రెండు, తెల్ల జతలు రెండు, సాక్సులతో కలిపి జూన్‌లో ఒకేసారి కొనాలి. ఫీజులూ పుస్తకాలూ బ్యాగులూ అదే నెలలో. కూలికి వెళ్లే ఇంటికి ఇది చాలా పెద్ద మొత్తం. దీన్ని చిన్న విషయంగా కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించలేను.

అందుకే "ఎదిగే పిల్లలు, రెండు సైజులు పెద్దవి ఇవ్వండి" అంటారు తల్లిదండ్రులు. ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం. బడి వయసు పిల్లల పాదం ఏడాదికి ఇంచుమించు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. చిన్నప్పుడు కొంచెం ఎక్కువ, తర్వాత కొంచెం తక్కువ. అంటే ఏడాదికి ఒక సైజు, మహా అయితే ఇంకాస్త. కొన్న రోజున పొడవైన వేలి ముందు ఒక సెంటీమీటరు, దాని మీద రెండు మూడు మిల్లీమీటర్లు ఖాళీ ఉంటే చాలా నెలలు నిశ్చింత. రెండు సైజులు పెద్దది కొంటే దీని మీద ఇంకో పదిహేడు మిల్లీమీటర్లు అదనం. అప్పుడేమవుతుంది? నడిచేటప్పుడు పాదం వేళ్ల మొదళ్ల దగ్గర వంగుతుంది. బూటు కూడా సరిగ్గా అక్కడే వంగాలి. పెద్ద బూటు వంగే చోటు ముందుకు జరిగిపోతుంది, కాబట్టి కాలు ఒకచోట వంగుతుంటే బూటు ఇంకోచోట అడ్డుపడుతుంది. మడమ పైకి లేచి రాసుకుని బొబ్బ కడుతుంది. బూటు ఊడిపోకుండా పిల్లవాడు వేళ్లను ముడిచి పట్టుకుని నడుస్తాడు, మెట్ల దగ్గర తట్టుకుంటాడు. దూదో గుడ్డో కుక్కితే ముందు ఖాళీ నిండుతుంది గానీ వంగే చోటు మారదు. ఒక సైజు పెద్దది వరకు నేను తప్పనను. రెండైతే వద్దు.

బిగుతు బూటు ఇంతకంటే హాని చేస్తుంది, ఎందుకంటే అది మనకు తెలియదు. చెవి పైభాగాన్ని వంచి చూడండి, వంగుతుంది, వదిలితే లేస్తుంది. అది కార్టిలేజ్, అంటే ఎముకంత గట్టిగా లేని మెత్తటి పదార్థం. పుట్టినప్పుడు పాదంలో ఎక్కువ భాగం అలాంటిదే. పాదంలోది గట్టి ఎముకగా పూర్తిగా మారేసరికి పదిహేను పదహారేళ్లు దాటుతాయి. మెత్తగా ఉన్నది ఒత్తితే ఒదిగిపోతుంది, కాబట్టి పిల్లలకు పెద్దవాళ్లంత నొప్పి తెలియకపోవచ్చు. "బిగుతుగా ఉందా నాన్నా?" అంటే, కొత్త బూట్ల సంబరంలో "లేదు" అనేస్తారు. షాపులో బొటనవేలి దగ్గర నొక్కి చూస్తాం కదా, అదీ మోసమే. నొక్కగానే పిల్లవాడు వేళ్లు వెనక్కి ముడుచుకుంటాడు, మనకు ఖాళీ ఉన్నట్టు తగులుతుంది.

మరి ఎలా చూడాలి? బూటులోపలి మెత్తటి అట్టను, ఇన్‌సోల్ అంటారే దాన్ని, బయటికి లాగి నేల మీద పెట్టండి. బడికి వేసుకునే సాక్సుతో పిల్లవాణ్ని దాని మీద నిలబెట్టి, మడమను అట్ట వెనక అంచుకు ఆనించండి. ముందు ఎంత మిగిలిందో కంటికే కనిపిస్తుంది, పక్కల నుంచి పాదం పొంగి వస్తోందో లేదో కూడా. కొన్ని బూట్లలో అట్టను అతికించేస్తారు. అప్పుడు ఇంట్లోనే గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబెట్టి, పొడవైన వేలి దగ్గర గీత గీసి, ఆ పొడవుకు ఒక సెంటీమీటరు పైన కలిపి అట్టముక్క కత్తిరించి షాపుకు తీసుకెళ్లండి. అది బూటులో వంగకుండా పట్టాలి. కూర్చోబెట్టి కొలవకూడదు, బరువు పడితే పాదం సాగుతుంది. సాయంత్రం కొలవడం మంచిది, పగలంతా తిరిగిన కాలు కాస్త ఉబ్బి ఉంటుంది. రెండు కాళ్లూ కొలవాలి. చాలామందికి ఒకటి కొంచెం పెద్దది, దానికే కొనాలి. కొందరికి బొటనవేలి కంటే రెండో వేలు పొడవు, అదీ చూసుకోవాలి.

"వాడగా వాడగా అవే సాగుతాయి" అన్న మాట తోలు బూట్లకు చెల్లుతుంది. తోలు చెమటకూ వేడికీ కాలికి తగ్గట్టు ఒదుగుతుంది. ఇప్పుడు బడి బూట్లలో ఎక్కువ భాగం రెక్సిన్. అది సాగదు, గాలీ ఆడనివ్వదు. కొన్న రోజు కరిచిన రెక్సిన్ బూటు ఆరు నెలల తర్వాతా కరుస్తుంది. అన్న బూట్లు తమ్ముడికి వేయాలంటే అడుగు తిప్పి చూడండి. మడమ ఒక పక్కకే అరిగి ఉంటే వేయొద్దు, ఆ వాలు ఈ కాలికీ వస్తుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 2020 నుంచి పుస్తకాలతోపాటు ఒక జత బూట్లూ, రెండు జతల సాక్సులూ ఇస్తున్నారు. పథకం పేరు మారినా కిట్‌లో బూట్లు కొనసాగుతున్నాయి. ఎన్నో ఇళ్ల బరువు దించిన పని అది. అక్కడా పెరిగే కాలి చిక్కు తప్పదు. లక్షల జతలు తయారు కావాలంటే కొలతలు ముందే పంపాలి, పిల్లల కాళ్లు జత వచ్చేదాకా ఆగవు. బడుల మధ్య సైజులు మార్చుకునే వీలు ఎంత సులువుగా ఉంటే అన్ని జతలు వృథా కాకుండా ఉంటాయి.

ప్రైవేటు బడులు చేయగలిగింది ఇంకా ఎక్కువ. తెల్ల జత, నల్ల జత రెండూ తప్పనిసరి చేయకుండా ఒకటి చాలంటే ఖర్చు సగం తగ్గుతుంది. ముందు తెరిచిన నల్ల సాండళ్లను ఒప్పుకుంటే వేళ్లకు చోటు దొరుకుతుంది, పట్టీ బిగించి వదులు చేసుకుంటే వెడల్పు కాలికీ సన్నకాలికీ అదే జత సరిపోతుంది. మన ఎండలకు అదే సుఖం కూడా. తల్లిదండ్రుల సమావేశంలో ఈ మాట అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

జూన్‌లో కొన్న జతను దసరా సెలవుల్లో ఒకసారి, సంక్రాంతికి ఒకసారి ఆ అట్ట మీద నిలబెట్టి చూడండి. ముందు ఖాళీ అర సెంటీమీటరుకు తగ్గితే మళ్లీ జూన్ వచ్చేదాకా ఆగకుండా అప్పుడే మార్చాలి. ఆ రోజుల్లో షాపులో రద్దీ ఉండదు, నాలుగు జతలు తీయించుకుని నడిపించి చూసే తీరికా ఉంటుంది. బిల్లు దాచుకుని, ఇంట్లో శుభ్రమైన నేల మీద ఒక సాయంత్రం వేయించి చూడండి. మడమ జారినా, చిటికెనవేలి పక్కన ఎర్రటి గుర్తు పడినా, అడుగు మాయకముందే తీసుకెళ్లి సైజు మార్పించుకోవచ్చు.