చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఎప్పుడు పరుగెత్తాలో

బీఎస్సీ నర్సింగ్‌లో చేరిన పిల్లలకు మొదటి సెమిస్టర్‌లోనే ఎదురయ్యే సబ్జెక్టులు అప్లైడ్ అనాటమీ, అప్లైడ్ ఫిజియాలజీ. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన సిలబస్‌ ప్రకారం ఒక్కోదానికి 60 గంటల పాఠం. యూనివర్సిటీ పరీక్షలో రెండూ కలిపి ఒకే ప్రశ్నపత్రం. ఆ కాస్త వ్యవధిలో 206 ఎముకలు, ఆరు వందలకు పైగా కండరాలు, గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, హార్మోన్లు అన్నీ చుట్టేయాలి. పైగా పాఠమంతా ఇంగ్లిషులో, పేర్లలో సగం లాటిన్‌లో. పల్లెటూరి బడిలో తెలుగు మీడియం చదివి వచ్చిన అమ్మాయికి మొదటి నెలలోనే ధైర్యం సన్నగిల్లుతుంది. ఇంట్లోవాళ్లది ఇంకో సందేహం. ఇంజెక్షన్ చెయ్యడానికీ సెలైన్ పెట్టడానికీ ఇంత చదువు దేనికి, ఇదంతా డాక్టర్లు చదువుకోవాల్సింది కదా అని.

ఆ సందేహాన్ని కొట్టిపారేయకూడదు. ఓపిగ్గా జవాబు చెప్పాలి. వార్డులో డాక్టరు రౌండ్స్‌కి వచ్చి, చూసి, రాసి వెళ్తారు. ఆ తర్వాత ఇరవై నాలుగు గంటలూ మంచం దగ్గర ఉండేది నర్సులే. రోగి ఒంట్లో వచ్చే మార్పు మొదట కంటపడేది వాళ్లకే. రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టర్ని లేపాలా, ఇంకో అరగంట ఆగి చూడాలా అన్న నిర్ణయం కూడా అప్పటికి వాళ్ల చేతిలోదే. ఆ నిర్ణయానికి కావలసిన జ్ఞానం ఈ మొదటి సెమిస్టర్ పాఠాల్లో ఉంది. అనాటమీ చెయ్యి ఎక్కడ పెట్టాలో చెబుతుంది. ఒంట్లో దేని తర్వాత ఏం జరగబోతుందో ఫిజియాలజీ చెబుతుంది. చదివేటప్పుడు ఈ రెంటినీ విడదీసి, వేర్వేరు నోటుపుస్తకాల్లో జాబితాలుగా బట్టీపట్టడం దగ్గరే పిల్లలకు చిక్కంతా వస్తుందని నా నమ్మకం.

తుంటికి వేసే ఇంజెక్షన్‌నే తీసుకుందాం. ఒంట్లోకెల్లా లావైన నాడి సయాటిక్ నాడి. సుమారు రెండు సెంటీమీటర్ల వెడల్పుతో పిరుదు లోపలి నుంచి దిగి, తొడ వెనకగా కాలికి పోతుంది. సూది దానికి తగిలినా, మందు దాని పక్కన పడినా నొప్పితో పోదు. పాదం పైకి లేవక, కాలు ఈడుస్తూ నడవాల్సిన పరిస్థితి రావచ్చు. అందుకే పిరుదును నాలుగు భాగాలుగా ఊహించుకుని, పైన బయటివైపు భాగంలో వెయ్యమని నేర్పుతూ వచ్చారు. ఇబ్బంది ఏమిటంటే, ఆ నాలుగు భాగాల గీతలు కంటి అంచనాతో గీసుకునేవి. బక్కపలచటి ముసలాయనకూ, భారీ మనిషికీ ఆ అంచనా ఒక్కలా కుదరదు. కొవ్వు మందంగా ఉంటే మందు కండరం దాకా చేరనే చేరదు.

ఇప్పటి పాఠ్యపుస్తకాలు వెంట్రోగ్లూటియల్ చోటుకే మొగ్గు చూపుతున్నాయి. రోగి ఎడమ తుంటికి వెయ్యాలంటే నర్సు కుడి అరచెయ్యి వాడుతుంది. తొడ ఎముక పైకొసన బయటివైపు ఒక గట్టి బొడిపె తగులుతుంది, దాన్ని గ్రేటర్ ట్రోకాంటర్ అంటారు. మణికట్టు దగ్గరి అరచేతి భాగం దాని మీద ఆనాలి. చూపుడువేలు కటి ఎముక ముందు మొన మీద ఉండాలి. మధ్యవేలిని కటి ఎముక అంచు వెంబడి వెనక్కి చాపాలి. రెండు వేళ్ల నడుమ త్రిభుజంలా ఏర్పడ్డ చోట సూది దిగాలి. అక్కడ గ్లూటియస్ మీడియస్, మినిమస్ అనే కండరాలు తప్ప పెద్ద నాడి గానీ పెద్ద రక్తనాళం గానీ లేవు. మనిషి లావైనా సన్నమైనా ఎముకల గుర్తులు చోటు మారవు, చేత్తో వెతికితే దొరుకుతాయి. ఎముకల పాఠంలో బొడిపెలకూ మొనలకూ అన్నేసి పేర్లు ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. అవి తోలు పైనుంచి వేళ్లకు తగిలే గుర్తులు.

పసిపిల్లలకు మళ్లీ ఈ చోటు సాధారణంగా ఎంచుకోరు. నడక వచ్చి, బరువు మోస్తే గానీ తుంటి కండరాలు బాగా పెరగవు. తొడ బయటివైపు ఉండే వాస్టస్ లాటరాలిస్ కండరం మాత్రం పుట్టుకతోనే చెప్పుకోదగ్గంత ఉంటుంది. ఆరో, పదో, పద్నాలుగో వారాల్లో ఏఎన్‌ఎం అక్క పెంటావాలెంట్ టీకాను ఎడమ తొడ మధ్యభాగంలో, ముందు బయటివైపుకు వేస్తుంది అందుకే. చేతికి ఎందుకు వెయ్యరమ్మా అని అడిగే తల్లికి ఈ రెండు ముక్కలు చెబితే చాలు, భయం తీరుతుంది.

అందుకే అనాటమీ చదివే పిల్లలకు నేను చెప్పేది, పుస్తకం తెరిచి ఉంచి మీ ఒంటి మీదే వెతకండి అని. మెడలో కెరోటిడ్ ధమని, మోచేతి మడతలో సిర, చివరి పక్కటెముక, రొమ్ము ఎముక కింది మొన. హాస్టల్ గదిలో ఇద్దరు స్నేహితురాళ్లు కూర్చుంటే ఒక సాయంత్రంలో పదిహేను గుర్తులు పట్టుకోవచ్చు. ముక్కు నుంచి పొట్టలోకి వేసే గొట్టానికి కొలత ముక్కు కొస నుంచి చెవి తమ్మె దాకా, అక్కణ్ణుంచి రొమ్ము ఎముక కింది మొన దాకా తీసుకుంటారు. ఆ మొనను ఒకసారి వేలితో తాకినవాళ్లు మరిచిపోరు. మింగాల్సింది దారితప్పి శ్వాసనాళంలోకి పోతే ఎక్కువగా కుడి ఊపిరితిత్తికే చేరుతుంది. కుడి శ్వాసనాళం శాఖ ఎడమదానికంటే పొట్టిగా, వెడల్పుగా, నిటారుగా ఉండటమే కారణం. ఇలాంటి ప్రతి వాక్యం వెనకా ఒక రోగి ఉంటాడు.

ఫిజియాలజీకి వద్దాం. కాన్పయి గంట దాటని తల్లిని ఊహించండి. బీపీ 110/70. చార్టు చూస్తే అంతా సవ్యంగానే ఉంది. నాడి మాత్రం అరగంట కింద 84 ఉన్నది ఇప్పుడు 112. చేతులు చల్లగా, కాస్త చెమటగా ఉన్నాయి. కంగారు పడాలా? పడాలి. ఎందుకో లెక్క వేసి చూద్దాం. గుండె ఒక్కో కొట్టుకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం పంపుతుంది. నిమిషానికి 72 సార్లంటే దాదాపు 5 లీటర్లు. రక్తం పోతూ గుండెకు తిరిగొచ్చేది తగ్గి, ఒక్కో కొట్టుకు 50 మిల్లీలీటర్లే వెళ్తోందనుకోండి. అదే 5 లీటర్లు పంపాలంటే 100 సార్లు కొట్టుకోవాలి. మెడలోని కెరోటిడ్ ధమనిలోనూ, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని వంపులోనూ పీడనాన్ని కనిపెట్టే నాడీ కొసలున్నాయి. పీడనం కాస్త సడలగానే అవి మెదడుకు కబురు పంపుతాయి. గుండె వేగం పెరుగుతుంది. చర్మానికి పోయే నాళాలు ముడుచుకుంటాయి, అందుకే చేతులు చల్లబడతాయి. మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచుతాయి, మూత్రం తగ్గుతుంది. ఇన్ని సర్దుబాట్ల వల్ల బీపీ అంకె నిలబడుతుంది. పెద్దవాళ్లలో లీటరు దాకా రక్తం పోయినా పై అంకె పెద్దగా కదలకపోవచ్చు. గర్భిణిగా ఉన్నప్పుడు రక్తం ఎటూ 40 శాతానికి పైగా పెరిగి ఉంటుంది కనుక బాలింతలో ఆ అంకె ఇంకా ఆలస్యంగా పడుతుంది. పడిందంటే సర్దుబాటు శక్తి అయిపోయిందనే. ఇక మిగిలే సమయం చాలా తక్కువ.

బీపీ బాగానే ఉంది కదా అని పక్క మంచానికి వెళ్లిపోయిన నర్సుకూ, నాడి చూసి ఆగిన నర్సుకూ మధ్య ఉన్న తేడా ఒక తల్లి ప్రాణం. ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా నాకు ఎక్కువనిపించదు.

ఆగిన నర్సు ఏం చేస్తుంది? దుప్పటి తీసి రక్తస్రావం ఎంతుందో చూస్తుంది. పొట్ట మీద చెయ్యి పెడుతుంది. నెలలు నిండేసరికి గర్భాశయానికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం పారుతూ ఉంటుంది. మాయ ఊడిపడ్డాక ఆ నాళాల నోళ్లు తెరుచుకునే ఉంటాయి. వాటిని మూసేది గర్భాశయం కండరమే. దాని పోగులు నులకమంచం అల్లికలా ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి, నాళాలు ఆ సందుల్లోంచి వస్తాయి. కండరం బిగుసుకుంటే నాళాలు నొక్కుకుపోయి రక్తం ఆగుతుంది. కాన్పయ్యాక గర్భాశయం బొడ్డు దగ్గర గట్టిగా, గుండ్రంగా చేతికి తగలాలి. మెత్తగా ఉంటే బిగుసుకోలేదన్నమాట. మెత్తగా ఉండి, బొడ్డుకు పైన, కుడిపక్కకు జరిగి ఉంటే మూత్రాశయం నిండి దాన్ని నెట్టేస్తోందేమో చూడాలి. మూత్రాశయం గర్భాశయానికి ముందు ఆనుకునే ఉంటుంది, నిండితే గర్భాశయాన్ని బిగుసుకోనివ్వదు. కాబట్టి డాక్టరుకు కబురు చేస్తూనే గర్భాశయాన్ని మర్దన చెయ్యాలి, మూత్రం పోయించాలి, గర్భాశయాన్ని బిగించే ఆక్సిటోసిన్ మందు సిద్ధం చెయ్యాలి. పక్కపక్క అవయవాల బొమ్మ, కండరం పనిచేసే తీరు, నాడి లెక్క మూడూ ఒకే నిమిషంలో కలిసొస్తాయి.

కండరం అన్నాం కాబట్టి మనవాడొకాయన్ని తలుచుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ఇద్దరూ ప్రచురించారు. కండరంలో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో బయటపెట్టారు. కండరానికి శక్తినిచ్చే ఏటీపీని 1929లో గుర్తించారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు. ఫిజియాలజీ పుస్తకంలో ఏటీపీ అన్న మూడక్షరాలు కనిపించినప్పుడల్లా మన పిల్లలకు ఆయన పేరు గుర్తుకు రావాలని నా కోరిక.

ఆ ఏటీపీ పాఠం నర్సుకు ఊహించని చోట పనికొస్తుంది. కండరం బిగియడానికే కాదు, పట్టు వదలడానికీ ఏటీపీ కావాలి. ప్రాణం పోయాక అది తయారవడం ఆగిపోతుంది, పోగులు పట్టు వదలలేవు. కొన్ని గంటల్లో శరీరం బిగుసుకుంటుంది. రెప్పలు, దవడ వంటి చిన్న కండరాల దగ్గర అది ముందు తెలుస్తుంది. అందుకే రోగి కన్నుమూసిన కాసేపటికే నర్సు రెప్పలు మూసి, దవడకు ఆసరా పెట్టి, కాళ్లూ చేతులూ చక్కగా సర్దుతుంది. ఆలస్యమైతే కుటుంబం చూసే ఆఖరి చూపు వేరేలా ఉంటుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఒక్క సలహా. పరీక్ష ఇంగ్లిషులో రాయాలి, నిజమే. కానీ పాఠం అర్థమైందో లేదో తెలియాలంటే ఇంట్లో అమ్మకు తెలుగులో చెప్పి చూడండి. మూత్రపిండాలు రోజుకు 180 లీటర్లు వడకట్టి, ఒకటిన్నర లీటరు మాత్రమే బయటికి పంపుతాయని చెబితే, మిగతాదంతా ఏమైందే అని అమ్మ అడుగుతుంది. దానికి జవాబు చెప్పగలిగితే నెఫ్రాన్ పాఠం వచ్చేసినట్టే.

క్లినికల్ పోస్టింగ్ మొదలయ్యాక అన్నిటికంటే తేలిగ్గా కనిపించేది శ్వాస లెక్కపెట్టడం. నాడి చూస్తున్నట్టే మణికట్టు మీద వేళ్లు ఉంచి, రోగికి చెప్పకుండా, ఛాతీ కదలికను నిండు నిమిషం లెక్కించమంటారు. శ్వాస మెదడు కాండం దానంతటదే నడిపే పనే అయినా, మన ఇష్టానికి కూడా లొంగుతుంది. ఎవరో లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగికి తెలియకుండానే అది మారిపోతుంది. పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 మామూలు. పనివత్తిడిలో చాలా వార్డుల్లో అందరికీ 20 అని రాసేస్తారు. అలా రాయకండి. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ముదిరినా, ఆక్సిజన్ తగ్గినా, రక్తంలో ఆమ్లం పెరిగినా శ్వాస వేగం చాలాసార్లు ముందుగానే పెరుగుతుంది. పొద్దున 16 ఉన్న మనిషి సాయంత్రానికి 26కి చేరితే, మిగతా అంకెలు ఎలా ఉన్నా, వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాలి.