తారు రోడ్డుకూ మొరం బాటకూ ఒకే సైకిలు

జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు వైపు పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద సైకిలు హాయిగా సాగిపోతుంది. కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్లకు పోయేదీ తారు రోడ్డే. కాని రోడ్డు దిగి పల్లెలోకో, పొలాల్లోకో, కాలువ కట్ట మీదికో మళ్లగానే మొరం, కంకర, వానాకాలమైతే బురద. పెద్ద రోడ్డు మీద కూడా వెనక లారీ హారను మోగిస్తే తారు అంచు దిగి మొరంలోకి పోక తప్పదు. అక్కడ సన్న టైరు జారితే పడేది మనమే.

సైకిలు దుకాణంలో పొట్టేలు కొమ్ముల్లా వంగిన హ్యాండిలుతో, సన్న టైర్లతో పందెం సైకిలు కనిపిస్తుంది. దాని పక్కనే లావు టైర్ల కొండ సైకిలు ఉంటుంది. ఈ రెంటికీ మధ్య రకం గ్రావెల్ సైకిలు. దానికి వంగిన హ్యాండిలూ ఉంటుంది, కాస్త వెడల్పు టైర్లూ ఉంటాయి. ఇందులో మనకు ఏది పనికివస్తుంది? రంగునూ పేరునూ పక్కన పెట్టి, మీరు తరగతిలో నేర్చుకున్న భౌతిక శాస్త్రాన్నే అడుగుదాం.

టైరు చెప్పే లెక్క

మీరు, సైకిలు, పుస్తకాల సంచి కలిపి 70 కిలోలు అనుకుందాం. అందులో సుమారు 60 శాతం, అంటే 42 కిలోలు, వెనక చక్రం మీద పడుతుంది. టైరులో 60 పౌండ్ల గాలి కొడితే పీడనం చదరపు సెంటీమీటరుకు దాదాపు 4.2 కిలోలు. 42ను 4.2తో భాగిస్తే 10 వస్తుంది. టైరు నేలను తాకేది సుమారు 10 చదరపు సెంటీమీటర్ల మేరే. అగ్గిపెట్టె అంత కూడా లేదన్నమాట! గాలిని 90 పౌండ్లకు పెంచితే అది 7కు లోపే ఉంటుంది. 40 పౌండ్లకు తగ్గిస్తే 15 అవుతుంది.

నున్నని తారు మీద గట్టి టైరు తక్కువగా నలుగుతుంది, కనుక తేలిగ్గా దొర్లుతుంది. మొరం మీద ఈ లాభం నష్టంగా మారుతుంది. గట్టి టైరు ప్రతి రాయినీ ఎక్కి దిగాలి. ఎక్కినప్పుడల్లా సైకిలునూ మిమ్మల్నీ పైకి లేపడానికి కొంత శక్తి కావాలి. ముందుకు పోవడానికి ఉపయోగపడవలసిన ఆ శక్తి కుదుపుల్లో పోతుంది. మెత్తని టైరైతే రాయి ఉన్న చోట మాత్రమే లోపలికి నొక్కుకుపోతుంది, సైకిలు పెద్దగా లేవదు. 1888లో బెల్‌ఫాస్ట్ నగరంలో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు గాలి టైర్లు తొడిగింది కుదుపులు తగ్గించడానికే.

మరి సన్న టైరులోనే గాలి తగ్గిస్తే సరిపోదా? సరిపోదు. రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. గాలి తగ్గించుకోవాలంటే టైరు వెడల్పుగా ఉండాలి. మన తాతలు తొక్కిన నల్ల సైకిలు టైరు మీద 28 × 1½ అని ఉంటుంది. ఆ ఒకటిన్నర అంగుళాల వెడల్పు దాదాపు 38 మిల్లీమీటర్లు. ఈనాటి గ్రావెల్ సైకిళ్ల టైర్లు కూడా సాధారణంగా 35 నుంచి 45 మిల్లీమీటర్లే!

పళ్ల చక్రాల లెక్క

నల్ల సైకిలుకు లేనివి గేర్లు. దాని ముందు పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనక దానికి 18 అనుకుంటే, పెడలు ఒక చుట్టు తిరిగేసరికి సైకిలు సుమారు 5.5 మీటర్లు పోతుంది. గేర్ల సైకిలుకు ముందు 40, వెనక అన్నిటికన్నా పెద్ద చక్రానికి 42 పళ్లుంటే, ఒక చుట్టుకు 2.1 మీటర్లే పోతుంది.

100 మీటర్లకు 8 మీటర్లు లేచే ఎత్తు మీదికి తొక్కుతున్నారనుకోండి. 70 కిలోలను పైకి లాగడానికి 5.6 కిలోల బలం కావాలి. పెడలు ఒక చుట్టులో తిరిగే దూరం 1.07 మీటర్లు. అప్పుడు నల్ల సైకిలు పెడలు మీద సగటున 29 కిలోల బలం వేయాలి. గేర్ల సైకిలు మీద 11 కిలోలు చాలు. చేసే పని మాత్రం తగ్గదు. బలం తగ్గినంత మేర ఎక్కువ చుట్లు తొక్కాలి.

వంగిన హ్యాండిలు ఎవరికి?

గాలి అడ్డగించే బలం వేగం వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుంది. వంగిన హ్యాండిలు పట్టుకుని ముందుకు వంగితే గాలికి ఎదురయ్యే వైశాల్యం తగ్గుతుంది. చేతులు పట్టుకునే చోటు మార్చుకోవడానికీ వీలుంటుంది. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషాల్లో ముగించే బ్రెవే ప్రయాణాలు చేసేవారికి ఇది ఎంతో మేలు. బడికి గంటకు 12 కిలోమీటర్ల వేగంతో పోయేవారికి ఆ లాభం స్వల్పం. వెడల్పు టైర్లు, కొన్ని గేర్లు ఉన్న తిన్నని హ్యాండిలు సైకిలు వారికి చక్కగా సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది.

కొనేముందు

కొన్నాక మార్చుకోగలిగినవి కొన్ని, మార్చుకోలేనివి కొన్ని. టైరు, సీటు, పెడళ్లు రేపైనా మార్చవచ్చు. ఫ్రేమును మార్చలేం. అందుకే మొదట దాన్నే పరీక్షించండి. పై గొట్టానికి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడితే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి, పైన రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. ఫోర్కులోనూ వెనకా 40 మిల్లీమీటర్ల టైరు పడుతుందా అని అడగండి. చోటు ఇరుకైతే రేగడి బురద చేరి చక్రం తిరగదు. కేరియరు, మడ్‌గార్డు బిగించే మరల రంధ్రాలున్నాయేమో చూడండి.

తర్వాత బ్రేకులు. వేగం రెట్టింపైతే ఆగడానికి కావలసిన దూరం నాలుగు రెట్లవుతుంది. వదులు మొరం మీద ఘర్షణ తక్కువ కనుక ఇంకా పెరుగుతుంది. రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బర్ల పట్టు తగ్గుతుంది. డిస్కు బ్రేకు రిమ్ముకు దూరంగా ఉంటుంది కాబట్టి బురదలో నమ్మదగినది. ఏ బ్రేకైనా సరే, మీ వేళ్లకు సులభంగా అందాలి.

చేసి చూడండి: వెనక టైరుకు తడి సుద్ద పూయండి. దాని కింద గళ్ల కాగితం పెట్టి, సైకిలును స్నేహితుణ్ణి పట్టుకోమని, కదలకుండా దాని మీద కూర్చోండి. కాగితం మీద పడిన అచ్చులోని గళ్లు లెక్కించి వైశాల్యం కనుక్కోండి. గాలి తగ్గించి మళ్లీ చేయండి. పీడనాన్ని వైశాల్యంతో గుణిస్తే రెండుసార్లూ ఇంచుమించు ఒకే సంఖ్య వస్తుందా? అది ఏ బరువు?