తొంభై రోజుల గడువు: ఉగాండా ఆసియావాసుల పునరావాసం



ఏదైనా విపత్తు వస్తే మొదటి వారంలో దుప్పట్లకు, బియ్యానికి కొరత ఉండదు. మూడో నెలలో ఇంటి అద్దెకు అడ్వాన్సు కావాలంటేనే ఇచ్చే చేతుల కోసం వెతకాల్సి వస్తుంది. ఒక పెద్ద ప్రభుత్వానికే ఇలాంటి చిక్కు ఎదురైన సంగతిని ఈ సంచికలో మీ ముందుంచుతున్నాము.

1972 ఆగస్టులో ఉగాండా పాలకుడు ఇదీ అమీన్ అక్కడి ఆసియావాసులను 90 రోజుల్లో దేశం విడిచి పొమ్మన్నాడు. వారిలో ముస్లింలు, హిందువులు, సిక్కులు, గోవా క్రైస్తవులు ఉన్నారు. తాతముత్తాతలది ఎక్కువగా గుజరాత్, పంజాబ్. వీరిలో చాలామంది పుట్టి పెరిగింది, కొట్టు పెట్టుకున్నది మాత్రం ఉగాండాలోనే. ఇల్లు, దుకాణం వదిలేసి కుటుంబానికి సుమారు 50 పౌండ్లతో బయటపడ్డారు. విమానాశ్రయం దారిలో సైనికుల తనిఖీల్లో ఉన్న నగలు కూడా పోగొట్టుకున్నవారు ఎందరో.

చాలామందికి బ్రిటిష్ పాస్‌పోర్టు ఉంది కాబట్టి బ్రిటన్‌కు బాధ్యత తప్పలేదు. ఆ దేశం మనస్ఫూర్తిగా ఏమీ ముందుకు రాలేదు. మొదట ఇతర దేశాలను తీసుకోమని అడిగింది. కెనడా వేలమందిని తీసుకుంది. చివరికి బ్రిటన్ చేరినవారు దాదాపు 28,000 మంది. వారి కోసం ప్రభుత్వం 'ఉగాండా రీసెటిల్‌మెంట్ బోర్డు'ను నియమించి, వాడకంలో లేని సైనిక స్థావరాల్లో 16 శిబిరాలు తెరిచింది. మూడొంతుల మందికి పైగా వాటి గుండానే వెళ్లారు. స్వచ్ఛంద సేవకులు చలికోట్లు పంచారు, పిల్లలకు చదువు చెప్పారు. ఈ దశ బాగానే నడిచిందని మా అభిప్రాయం.

చిక్కంతా శిబిరం గేటు దాటాకే. బోర్డు దేశాన్ని రెండుగా విభజించింది: ఇప్పటికే ఆసియావాసులు ఎక్కువగా ఉన్న ఊళ్లు 'ఎర్ర' ప్రాంతాలు, మిగతావి 'ఆకుపచ్చ' ప్రాంతాలు. ఎర్ర ప్రాంతాలకు వెళ్లవద్దని నచ్చజెప్పింది. లెస్టర్ నగరపాలక సంస్థ అయితే మా ఊరికి రావద్దంటూ ఉగాండా పత్రికలోనే ప్రకటన వేయించింది. అయినా వేలమంది లెస్టర్‌కే చేరారు. మేనమామ ఇల్లు, మసీదు, గుడి, తెలిసిన భాష ఉన్న చోటికి కాక ఇంకెక్కడికి పోతారు? ఆకుపచ్చ ప్రాంతాల్లో ఇల్లు దొరికితే పని దొరికేది కాదు. పైగా ఏడెనిమిది మంది ఉన్న కుటుంబానికి సరిపడే ఇల్లే అరుదు. ఇళ్లు ఇచ్చి తీరాలని స్థానిక సంస్థలను ఆదేశించే అధికారం బోర్డుకు లేదు.

బంధువులున్నవారు శిబిరం ముఖం చూడకుండానే వారి ఇళ్లలో దిగారు. ముహాజిర్లను అన్సార్లు ఆదరించిన వైనం మనకు కొత్త కాదు గనుక దీని విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఆ లెక్క ఏ ప్రభుత్వ ఖర్చులోనూ కనబడదు.

ఇంగ్లీషు వచ్చినవారు, చేతిలో వృత్తి ఉన్నవారు ముందుగా శిబిరాలు వదిలి వెళ్లిపోయారు. వృద్ధులు, రోగులు, పెద్ద కుటుంబాలు, భర్త పక్కన లేని స్త్రీలు చివరిదాకా మిగిలారు. ఈ స్త్రీల కథ వేరు: భార్యకు బ్రిటిష్ పాస్‌పోర్టు, భర్తకు ఏ దేశ పౌరసత్వమూ లేదు. ఆమె పిల్లలతో ఇంగ్లండ్ శిబిరంలో ఉంటే, అతను ఆస్ట్రియాలోనో ఇటలీలోనో మరో శిబిరంలో ఉండిపోయాడు. వారికి కావలసింది అన్నం కాదు; అర్జీలు రాసిపెట్టేవారు, కార్యాలయాల చుట్టూ తిరిగేవారు. ఆ పని నెలల తరబడి సాగింది. 1974 జనవరిలో బోర్డును మూసివేసేనాటికి కూడా అలాంటి కుటుంబాలన్నీ ఒక గూటికి చేరలేదు.