ఒకే చేనులో మూడు నేలలు
(పశుగ్రాసం వేసే సభ్యులకు)

“విత్తనం ఒక్కటే, ఎరువు ఒక్కటే. అయినా చేనులో ఒక మూల జొన్న నిలువెత్తు పెరిగింది, మరొక మూల మోకాలెత్తు దాటలేదు. ఎందువల్ల?” అని సంఘ సభ్యులు తరచుగా అడుగుతుంటారు. కారణం చాలావరకు నేల పొరలలోనే ఉంటుంది.

నిజాంపేటతో సహా మెదక్ ప్రాంతంలో చాలాచోట్ల నేల అడుగున ఉన్నది గ్రానైటు జాతి రాయి. అది లక్షల ఏండ్లుగా ఎండకు, వానకు చివికి మొరం అయినది. మొరం చివికి మన్ను అయినది. వాన ఆ మన్నును పల్లానికి కొట్టుకొని పోతుంది. బరువైన ఇసుక వాలులోనే ఆగుతుంది. సన్నని బంకమన్ను, దానితో సున్నం, లవణాలు పల్లానికి చేరుతాయి. అందుచేత సాధారణంగా మిట్టన లోతు తక్కువైన ఎర్ర చెలక, వాలున దుబ్బ, పల్లాన నల్లరేగడి, నీరు ఇంకని చోట చౌడు కనిపిస్తాయి. ఇందుకు పెద్ద గుట్టలే ఉండనక్కరలేదు. రెండు మూడడుగుల ఎత్తుపల్లాలు చాలును. 1972లో పటాన్‌చెరు వద్ద నెలకొల్పిన ఇక్రిశాట్ క్షేత్రంలోనూ ఎర్రనేల, నల్లనేల రెండూ ఉన్నాయి.

పైమన్ను చూసి మోసపోరాదు. మంజీర నది, హల్దీ వాగు వంటి వాటి ఒడ్డు పొలాలలో పైన నల్లమన్ను ఉన్నా, అడుగున పాత ప్రవాహం వదిలిన ఇసుక ఉండవచ్చు. చెలకలో పైన ఇసుకపాలు ఎక్కువైనా, క్రింద బంకపొర తగలవచ్చు.

పాడికి దీనితో ఏమి సంబంధం?

లోతు లేని నేలలో తేమ నిలువదు. వాన వెనుకబడితే మిట్టనున్న జొన్న ముందుగా వాడి గిడసబారుతుంది. అటువంటి లేత జొన్నలో ప్రసిక్ ఆమ్లమనే విషం పెరుగుతుంది. కోసిన మోళ్ల నుండి వచ్చే నాములోనూ ఇదే విషం ఉంటుంది. చేను పచ్చగానే ఉన్నదని మిట్టమీది మోపు వేస్తే, గేదె ఆయాసపడి, నురగ కక్కి, గంటలోపే ప్రాణం విడువవచ్చు. ఆ లక్షణాలు కనిపించిన వెంటనే పశువైద్యుని పిలిపించాలి.

సభ్యులు చేయవలసినవి

1. వాన వెలిసిన మరునాడు చేను చుట్టి రండి. నీరు నిలిచిన చోటు, ముందుగా ఆరిన చోటు గుర్తు పెట్టుకోండి.

2. మిట్ట, వాలు, పల్లం మూడింటిలో మూడడుగుల గుంత తీసి, ఏ లోతులో మొరం, ఇసుక, సున్నపు గులకలు తగిలినవో చూడండి.

3. మట్టి నమూనాలు మూడూ వేరుగా పరీక్షకు పంపండి. కలిపితే ఫలితం దేనికీ సరిపోదు.

4. మిట్ట చెలకలో స్టైలో, నీటి వసతి ఉండి లోతుగా, నీరు ఇంకే నేలలో నేపియర్, లూసర్న్, రేగడిలో జొన్న, నీరు నిలిచే చోట పారా గడ్డి వేసుకోండి.

5. మిట్టన జొన్న ఉంటే దానిని వేరుగా కోయండి. పూత రానిదే, వాడి ఉన్నప్పుడు, పశువుకు వేయవద్దు.

మూడు గుంతలు తీయటానికి ఒక పూట పడుతుంది. ఈ తొలకరికి ముందే ఆ పని పూర్తి చేసుకోవలసిందిగా మనవి.

— కో-ఆపరేటివ్ ఇన్‌స్పెక్టరు, నిజాంపేట